అడవిలో పురుగుల లెక్క: పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

అడవిలో అడుగుపెట్టగానే జోరీగలు ముసురుతూనే ఉన్నప్పుడు, కీటకాలు తగ్గిపోతున్నాయని పెద్దలు ఎందుకు బాధపడుతున్నారని మీరు అడిగారు. దీనికి జవాబు తెలియాలంటే రెండు లెక్కలను విడివిడిగా చూడాలి. పురుగులు మొత్తం ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క, అవి ఎన్ని జాతులకు చెందినవన్నది మరొక లెక్క.

జర్మనీలో 2008 నుంచి 2017 వరకు శాస్త్రజ్ఞులు కీటకాలను, సాలీళ్ల వంటి వాటి బంధువులను పట్టి లెక్కించారు. ఏటా పరిశీలించిన 30 అటవీ స్థలాల్లో జాతులు 36 శాతం, పట్టుబడిన పురుగుల మొత్తం బరువు 41 శాతం తగ్గాయి. పురుగుల సంఖ్య మాత్రం అలా పడిపోలేదు. పైపైన చూసేవారికి ఆ అడవి నిండుగానే కనిపిస్తుంది, పోయినవేవో ఒక్కొక్క జాతినీ గుర్తుపట్టి లెక్కపెట్టినవారికే తెలుస్తుంది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

అడవి పురుగుల్లో చాలావాటి బతుకు ఇరుకైనది. ఒక గొంగళిపురుగు ఒకే రకం చెట్టు ఆకు తింటుంది. ఒక పెంకుపురుగు పిల్ల కూలిన మానులో, అదీ కొంతవరకు పుచ్చిన చెక్కలోనే పెరుగుతుంది. అడవిని ముక్కలు చేస్తే అంచుల నుంచి ఎండ, గాలి చొరబడి నేల మీది ఆకుల పొర ఎండిపోతుంది. అప్పుడు తేమను నమ్ముకున్నవి పోయి, ఎక్కడైనా బతకగలిగినవి మిగులుతాయి. కూలిన మానును పనికిరానిదని తీసేసినా అంతే.

భూమి వేడెక్కడం వల్ల వచ్చే మార్పు ఇంకా సూక్ష్మమైనది. ఐరోపా ఓక్ అడవుల్లో ఒక రకం చిమ్మెట (సీతాకోకచిలుకకు చుట్టమైన పురుగు) గుడ్లు సరిగ్గా ఓక్ చెట్లు చిగురించే రోజులకు పగలాలి. ముందే పగిలితే పిల్లలకు తిండి దొరకదు, ఆలస్యమైతే ఆకు ముదిరి వగరెక్కుతుంది. వేడికి చెట్టూ గుడ్డూ రెండూ త్వరపడతాయి గాని ఒకే వేగంతో కాదు. ఆగ్నేయాసియాలోని బోర్నియో దీవిలో ఉన్న కినబాలు పర్వతం మీద 1965లో చేసిన చిమ్మెటల పరిశీలనను 2007లో మళ్లీ చేసినప్పుడు, ఆ జాతులు సగటున 67 మీటర్లు పైకి జరిగాయని తేలింది. కొండ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, శిఖరం దగ్గరున్నవాటికి ఇక జరగడానికి చోటుండదు.

వేడి కొన్నిటికి కలిసి కూడా వస్తుంది. ఉత్తర అమెరికా పశ్చిమాన పైన్ బెరడు తొలిచే చిన్న పెంకుపురుగు ఉంది. తీవ్రమైన చలి దాని పిల్లలను బెరడు కిందే చంపేది. చలికాలాలు మెత్తబడ్డాక అది విపరీతంగా పెరిగి, లక్షల హెక్టార్లలో పైన్ చెట్లను ఎండగొట్టింది. అలాంటి అడవిలో నిలబడితే పురుగులు తగ్గలేదు సరికదా, పెరిగాయనే మీరూ అంటారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య