ఒక్క బిట్ వెనక మూడు స్ట్రక్చర్లు: లైనక్స్ క్లాక్ డ్రైవర్ల పాత గొడవ

గుంటూరు నుంచి రోజూ రైల్లో వచ్చే కుర్రాడొకడు మా దగ్గర బోర్డు పని నేర్చుకుంటున్నాడు. మొన్న విజయవాడ ఆటోనగర్‌లోని మా గదిలో కొత్త బోర్డుకి కరెంటు ఇచ్చాడు. తెర వెలిగింది, లైనక్స్ కెర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపే అసలు ప్రోగ్రామ్) లైన్లు గబగబా పైకి పోయాయి, ఇంక లాగిన్ అడుగుతుందనగా తెర నల్లబడిపోయింది. సీరియల్ కేబుల్ పెట్టి చూస్తే బోర్డు నిక్షేపంగా బతికే ఉంది. ఏ క్లాక్ మీద తెర నడుస్తోందో దాన్ని కెర్నెలే ఆపేసింది. వీడు ఊరుకోకుండా సోర్స్ తెరిచాడు. ఓ అరగంటకి తల పైకెత్తి, "అన్నా, రిజిస్టర్‌లో 31వ బిట్‌కి 1 రాస్తే క్లాక్ ఆన్, 0 రాస్తే ఆఫ్, అంతేగా? ఆ ఒక్క బిట్‌కి క్లాక్, క్లాక్_కోర్, క్లాక్_హెచ్‌డబ్ల్యూ అని మూడు స్ట్రక్చర్లా?" అన్నాడు. టీ తాగేలోపు చెప్పేద్దామనుకున్నాను, గంటన్నర పట్టింది. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వరసగా రాస్తున్నా.

ముందు నాలుగు మాటలు. రిజిస్టర్ అంటే చిప్‌లో ఆన్, ఆఫ్ బిట్లు ఉండే చిన్న గడి. స్ట్రక్చర్ అంటే సీ భాషలో సంబంధమున్న వివరాల్ని కలిపి కట్టిన మూట. డ్రైవర్ అంటే ఒక్కో పరికరాన్ని నడిపే కోడ్. ఇక్కడ క్లాక్ అంటే టైమ్ చూపించే గడియారం కాదు. చిప్ లోపల ప్రతి భాగానికీ నాడిలా కొట్టుకునే సిగ్నల్ ఒకటి కావాలి, అది ఆగితే ఆ భాగం పని చేయదు. కృష్ణా కాలువల పక్కన పెరిగినవాళ్లకి దీన్ని వివరించడం తేలిక. బ్యారేజీ దగ్గర నీళ్లు బందరు కాలువలోకీ, ఏలూరు కాలువలోకీ, రైవస్ కాలువలోకీ విడిపోయి, పిల్ల కాలువలై, తూముల గుండా బోదెల్లోకి వెళ్లి చేలకి చేరతాయి. చిప్‌లో బ్యారేజీ స్థానంలో ఒక క్రిస్టల్ ఉంటుంది, చాలా ఏఆర్ఎమ్ చిప్పుల్లో (ఫోన్లలో, ఇలాంటి చిన్న బోర్డుల్లో ఉండే రకం) 24 మెగాహెర్ట్జ్‌ది. దాన్నుంచి పీఎల్ఎల్ అనేది పెద్ద వేగం పుట్టిస్తుంది, డివైడర్ దాన్ని భాగిస్తుంది, మక్స్ రెండు మూడు కాలువల్లో ఏది కావాలో ఎంచుతుంది, చివర్లో గేట్ తూములా తెరుస్తుంది, మూస్తుంది. నీళ్లు పంచేకొద్దీ తగ్గుతాయి, క్లాక్ తగ్గదు. ఆ తేడా పక్కన పెడితే మిగతా రూలంతా ఒకటే. పైన షట్టర్ దించితే కింద ఎవడి చేనూ తడవదు. కింద తూము తెరవాలంటే ముందు పైది తెరిచి ఉండాలి. పదిమంది వాడే తూముని తన పని అయిపోయింది కదా అని ఒకడు మూసేస్తే మిగతా తొమ్మిదిమంది కర్రలు పట్టుకుని వస్తారు, అందుకే ఎంతమంది వాడుతున్నారో ఒక లెక్క ఉండాలి.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఈ లెక్క ఎవరు రాయాలి, ఏ స్ట్రక్చర్‌లో రాయాలి అన్న దగ్గర మొదలైంది గొడవ.

2004 ప్రాంతంలో, అప్పటికి ఏఆర్ఎమ్ కెర్నెల్ బాధ్యత చూస్తున్న రస్సెల్ కింగ్, డ్రైవర్లందరికీ ఒక ఉమ్మడి హెడర్ ఫైలు (ఏ ఫంక్షన్‌ని ఎలా పిలవాలో చెప్పే ఫైలు) తెచ్చాడు. క్లాక్_గెట్‌తో తీసుకో, క్లాక్_ఎనేబుల్‌తో తెరువు, క్లాక్_డిజేబుల్‌తో మూయి, క్లాక్_పుట్‌తో తిరిగిచ్చెయ్. స్ట్రక్ట్ క్లాక్ (అంటే క్లాక్ స్ట్రక్చర్) అనే పేరు మాత్రమే డ్రైవర్‌కి కనిపిస్తుంది, లోపల ఏముందో కనపడదు. నన్నడిగితే ఇది చాలా మంచి నిర్ణయం. అప్పట్లో రాసిన డ్రైవర్ ఆ పిలుపులతోనే ఈనాటికీ దాదాపు అలాగే నడుస్తోందంటే కారణం అదే. కాకపోతే లోపల ఏముండాలో ఆ హెడర్ చెప్పలేదు, ఎవరి ప్లాట్‌ఫామ్ వాళ్లు చూసుకోండి అని వదిలేసింది. ఇక చూడండి. ఒక్కో చిప్ తాలూకు ఫోల్డర్‌లో ఒక్కో స్ట్రక్ట్ క్లాక్, ఒక్కో క్లాక్_ఎనేబుల్. లెక్క పెట్టుకునే కోడూ, తల్లి క్లాక్‌ని ముందు తెరిచే కోడూ, ఇద్దరు ఒకేసారి చెయ్యి పెట్టకుండా తాళం వేసే లాకింగూ ప్రతిచోటా మళ్లీ మళ్లీ, ప్రతిచోటా కొంచెం వేరే రకంగా, కొంచెం వేరే తప్పులతో.

ఒకే పని ఇరవైసార్లు రాయడం దండగ అనుకుని సర్దుకోవచ్చు. సర్దుకోలేని చిక్కు ఇంకోటుంది. ఒకే కెర్నెల్‌లో క్లాక్_ఎనేబుల్ అనే ఫంక్షన్ రెండు ఉండకూడదు కదా? కాబట్టి రెండు వేర్వేరు చిప్పులకి కలిపి ఒకే కెర్నెల్ ఇమేజ్ కట్టడం కుదరదు. పీసీ వాళ్లు ఒకే సీడీతో ఏ కంప్యూటర్‌లోనైనా లైనక్స్ ఎక్కిస్తుంటే ఏఆర్ఎమ్ వాళ్లు చిప్‌కో కెర్నెల్ కట్టుకుంటూ కూర్చున్నారు. 2011 మార్చిలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ ఏఆర్ఎమ్ గందరగోళం మీద బహిరంగంగానే, అదీ బూతుతో సహా, విసుక్కున్నాడు. తిట్టింది ఒక్క క్లాకుల గురించే కాదు, అందులో క్లాకులకీ పెద్ద వాటానే ఉంది.

నిజానికి జెరెమీ కెర్ అనే కెర్నెల్ డెవలపర్ అప్పటికే ఉమ్మడి స్ట్రక్ట్ క్లాక్ కోసం ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపుతూనే ఉన్నాడు. ఏఆర్ఎమ్‌లో అప్పటికి సుమారు 21 రకాల స్ట్రక్ట్ క్లాక్‌లు ఉన్నాయని అతను పెట్టిన లెక్క. ఆ పనిని మైక్ టర్కెట్ అందుకుని, మార్చి, సాగదీసి, చివరికి 2012 మేలో వచ్చిన లైనక్స్ 3.4లో కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్ పేరుతో చేర్పించాడు. అదే ఏడాది డిసెంబరులో 3.7తో ఒకే ఇమేజ్ చాలా ఏఆర్ఎమ్ చిప్పుల మీద బూట్ అయ్యే దారి పడింది.

ఇప్పుడు అసలు స్ట్రక్చర్ దగ్గరకొద్దాం. ఉమ్మడిగా ఉండాల్సినవి ఏమిటి? పేరు, తల్లి, పిల్లలు, వేగం, ఎంతమంది తెరిచారన్న లెక్క. ఏ చిప్‌కి ఆ చిప్‌గా ఉండాల్సినవి ఏమిటి? రిజిస్టర్ అడ్రస్, ఏ బిట్, ఎన్ని బిట్ల డివైడర్. ఈ రెండింటినీ కలిపేది క్లాక్_హెచ్‌డబ్ల్యూ. గేట్ స్ట్రక్చర్ తీసుకోండి: లోపల ఒక క్లాక్_హెచ్‌డబ్ల్యూ, రిజిస్టర్ అడ్రస్, బిట్ నంబర్, ఫ్లాగులు, లాక్ ఎక్కడుందో చెప్పే ఒక పాయింటర్. అంతే, ఐదు ముక్కలు. ఫ్రేమ్‌వర్క్‌కి లోపలున్న ఆ హెచ్‌డబ్ల్యూ ముక్క మాత్రమే తెలుసు. తెరవాల్సి వచ్చినప్పుడు దాన్ని డ్రైవర్ చేతిలో పెడుతుంది, డ్రైవర్ కంటెయినర్_ఆఫ్ అనే మాక్రోతో, తలుపు నంబరు చూసి ఇల్లు పట్టుకున్నట్టు, చుట్టూ ఉన్న తన పెద్ద స్ట్రక్చర్‌ని పట్టుకుని బిట్ రాసేస్తుంది. తెరవడం, మూయడం, వేగం లెక్కగట్టడం లాంటి పనులన్నీ క్లాక్_ఆప్స్ అనే ఫంక్షన్ పాయింటర్ల పట్టీలో ఉంటాయి. వెయ్యి గేట్లున్నా ఆ పట్టీ ఒకటే. సీ భాషలో వారసత్వం (ఒక రకం మీద ఇంకో రకాన్ని కట్టుకునే వీలు) లేదని ఏడ్చేవాళ్లు ఈ ఫైలొకటి చదివితే చాలు.

ఈ లోపు ఇంకో పేచీ. ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ ఉన్నపళంగా పిలిచే అర్జెంటు పని) మధ్యలో కూడా క్లాక్ తెరవాల్సి రావచ్చు, అక్కడ కోడ్ నిద్రపోవడానికి, అంటే పని ఆపి ఎదురుచూడడానికి, లేదు. కానీ కొన్ని క్లాకులు ఐ2సీ అనే, చిప్పులు ఒకదానితో ఒకటి నెమ్మదిగా మాట్లాడుకునే తీగకి అవతల వేరే చిప్‌లో ఉంటాయి, కొన్ని పీఎల్ఎల్‌లు స్థిరపడే దాకా ఆగాలి. అక్కడ నిద్రపోక తప్పదు. అందుకే తెరవడాన్ని రెండుగా చీల్చారు: నిద్రపోవచ్చు అనుకునే ప్రిపేర్, నిద్రపోకూడని ఎనేబుల్. మొదటిదానికి మ్యూటెక్స్ (నిద్రపోతూ ఎదురుచూసే తాళం), రెండోదానికి స్పిన్‌లాక్ (నిద్రపోకుండా కాచుకునే తాళం), రెండూ మొత్తం వ్యవస్థకి ఒక్కొక్కటే. లెక్కలు కూడా విడివిడిగా రెండు. ఐ2సీ అవతల ఉన్న క్లాక్‌ని ప్రిపేర్ చేయాలంటే ముందు ఐ2సీ కంట్రోలర్ క్లాక్‌ని ప్రిపేర్ చేయాలి, అంటే ఒకే మనిషి ఒకే తాళాన్ని చేతిలో ఉంచుకునే మళ్లీ అడుగుతున్నాడు! తాళం ఎవరి దగ్గరుందో, ఎన్నిసార్లు తీసుకున్నాడో గుర్తుపెట్టుకునే ఏర్పాటు 2013లో చేర్చాక గానీ అది కుదుటపడలేదు.

మరి మూడో స్ట్రక్చర్? అది 2015లో, లైనక్స్ 4.0లో వచ్చింది. అంతకు ముందు ఒకే క్లాక్ అడిగిన ఇద్దరు డ్రైవర్లకీ ఒకే పాయింటర్ వెళ్లేది. ఒకడు ఇంతకన్నా తగ్గకూడదంటాడు, ఇంకొకడు ఇంతకన్నా పెరగకూడదంటాడు, ఎవడు ఏమన్నాడో ఫ్రేమ్‌వర్క్‌కి తెలిసేది కాదు, చివర మాట్లాడినవాడిదే చెల్లుబాటు. టొమేయు విజోసో అనే డెవలపర్ పనితో అసలు క్లాక్ సంగతులన్నీ క్లాక్_కోర్‌లోకి వెళ్లాయి. స్ట్రక్ట్ క్లాక్ అడిగినవాడికల్లా విడిగా ఇచ్చే చీటీ అయింది. అందులో అడిగినవాడి పేరు, వాడి కనిష్ఠం, గరిష్ఠం. అంటే చీటీ వాడుకునేవాడిది, కోర్ ఫ్రేమ్‌వర్క్‌ది, హెచ్‌డబ్ల్యూ చిప్ డ్రైవర్‌ది. తమ్ముడి ప్రశ్నకి సూటి జవాబు ఇదీ. డ్రైవర్లని ముట్టుకోకుండా ఈ చీలిక చేయగలిగారంటే, లోపలేముందో కనపడనివ్వని ఆ 2004 నాటి హెడర్ పుణ్యమే.

వేగం దాచే పెట్టె సైజు కూడా ఒకసారి కుట్టింది. వేగాన్ని అన్‌సైన్డ్ లాంగ్‌లో (మైనస్ లేని సంఖ్యల పెట్టె) దాచేవాళ్లు, కానీ దగ్గరి వేగం ఎంతో చెప్పే ఫంక్షన్ ఉత్త లాంగ్ తిరిగిచ్చేది, తప్పు జరిగితే మైనస్ సంఖ్య ఇవ్వాలి కదా మరి. 32 బిట్ల చిప్‌లో 2,14,74,83,647 హెర్ట్జ్ దాటిన వేగం మైనస్‌గా మారి తప్పులా కనిపిస్తుంది. 2015లోనే దీనికోసం ఒక రిక్వెస్ట్ స్ట్రక్చర్ పెట్టి, వేగాన్ని అందులో రాసి, తిరిగిచ్చేది తప్పు కోడ్ మాత్రమే అన్నారు.

తల్లి ఎవరో చెప్పే పద్ధతైతే ఇంకా ఆలస్యంగా బాగుపడింది. ఏళ్ల తరబడి తల్లి క్లాక్‌ని పేరుతోనే, అంటే ఉత్త స్ట్రింగ్‌తో వెతికేవాళ్లు. తల్లి ఇంకా నమోదు కాకపోతే పిల్ల అనాథల జాబితాలో ఎదురుచూస్తుంది. నేను కల్పించిన మాట కాదు, కోడ్‌లో ఆ జాబితా పేరే ఆర్ఫన్ లిస్ట్. పేరులో ఒక్క అక్షరం తప్పితే ఎప్పటికీ అనాథే. 2019లో స్టీఫెన్ బాయిడ్ పేరు బదులు నేరుగా పాయింటరో, డివైస్ ట్రీ (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కి చెప్పే పట్టిక) సూచనో ఇచ్చే వీలు కల్పించాడు.

డివైస్ ట్రీ అంటే ఆల్‌విన్నర్ అనే కంపెనీ చిప్పుల కథ గుర్తొస్తుంది. మొదట్లో అక్కడ ప్రతి క్లాక్‌కీ డివైస్ ట్రీలో ఒక నోడ్ (పద్దు) రాసేవారు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కానీ డివైస్ ట్రీ ఒకసారి బయటికెళ్తే మార్చకూడదన్నది కెర్నెల్ వాళ్ల కట్టుబాటు, కాబట్టి చెట్టు తప్పుగా గీసినా దాన్నే మోయాలి. 2016లో మాక్సిమ్ రిపార్డ్ ఆ పద్ధతి మార్చి, మొత్తం క్లాక్ యూనిట్‌కి ఒకే నోడ్ పెట్టి, లోపలి చెట్టునంతా సీ ఫైలులో పట్టికలుగా రాశాడు. ఆల్‌విన్నర్ హెచ్3 చిప్‌లో సీపీయూ పీఎల్ఎల్ వేగం 24 × ఎన్ × కె ÷ (ఎమ్ × పి). ఎన్ 21, కె 2, మిగతావి 1 అయితే 1008 మెగాహెర్ట్జ్. ఆ నాలుగూ రిజిస్టర్‌లో ఎక్కడెక్కడ, ఎన్నెన్ని బిట్లు ఉన్నాయో స్ట్రక్చర్‌లో ఉంటుంది, లెక్కగట్టే ఫంక్షన్ ఆ రకం పీఎల్ఎల్‌లన్నిటికీ ఒకటే. తప్పు దొరికితే సీ ఫైలు దిద్దుకుంటే సరిపోతుంది.

ఇక మా నల్ల తెర. బూట్‌లోడర్ (కెర్నెల్‌ని ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) తెరిచి వదిలేసిన క్లాకుల్ని, కెర్నెల్ బూట్ చివర్లో ఒకసారి చెట్టంతా తిరిగి, ఎవరి లెక్కా లేనివాటిని మూసేస్తుంది. కరెంటు ఆదాకి అది అవసరమే. కానీ తెర బూట్‌లోడర్ ఇచ్చిన ఫ్రేమ్‌బఫర్ (తెర మీది బొమ్మ ఉండే మెమరీ) మీదే నడుస్తుంటే ఆ క్లాకుల్ని ఎవరూ అడిగి ఉండరు, లెక్క సున్నా. ఈ సంగతి మీద 2014లో పెద్ద రగడే జరిగి, చివరికి ఆ ఫ్రేమ్‌బఫర్ నోడ్‌లోనే క్లాకుల పేర్లు రాసుకోవచ్చని తేలింది. మెమరీ క్లాక్ లాంటి వాటినైతే అసలు మూయడానికి వీల్లేదు, మూస్తే బోర్డు అక్కడికక్కడే కొయ్యబారిపోతుంది; వాటికోసం క్రిటికల్ అనే ఫ్లాగ్ 2016లో వచ్చింది.

అనుమానం తీర్చుకోడానికి ముందు బూట్ లైన్‌లో క్లాక్_ఇగ్నోర్_అన్‌యూజ్డ్ (వాడనివాటిని మూయొద్దనే మాట) పెట్టి చూశాం, తెర నిలబడింది. దాన్ని అలాగే ఉంచేద్దామన్నాడు వాడు. కుదరదన్నాను, బ్యాటరీ బోర్డు అది. మా బోర్డు ఫైలు చూస్తే ఫ్రేమ్‌బఫర్ నోడ్‌లో రెండు క్లాకులే ఉన్నాయి, హెచ్‌డీఎమ్ఐది లేదు. ఆ నోడ్ రాసింది నేనే, పోయిన నెల్లో. వాడేం అనలేదు గానీ నవ్వాడు. మూడోది చేర్చి, ఆ బూట్ లైన్ మాట తీసేసి, మళ్లీ కరెంటు ఇచ్చి, డీబగ్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ లోపలి సంగతులు చూపించే ఫోల్డర్) క్లాక్_సమ్మరీ తెరిచాడు. హెచ్‌డీఎమ్ఐ వరసలో ఎనేబుల్ లెక్క 1, దానిపైన పీఎల్ఎల్‌కి 3. "అన్నా, మూడంటే మిగతా ఇద్దరూ ఎవరు?" అంటూ చెట్టు పైకి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు, సాయంత్రం రైలు వెళ్లిపోయింది.