భారత్‌నెట్ పంచాయతీ కార్యాలయం దగ్గరే ఎందుకు ఆగింది

దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ద్వారా ఇంటర్నెట్ అందించాలని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరు 25న నిర్ణయించింది. ఇప్పుడు భారత్‌నెట్ అని పిలుస్తున్నది ఈ పథకాన్నే. అప్పటి అంచనా వ్యయం సుమారు 20,000 కోట్ల రూపాయలు, గడువు రెండేళ్లు. అదే పనిని పూర్తిచేయడానికీ, సరిదిద్దడానికీ, విస్తరించడానికీ 2023 ఆగస్టులో మంత్రివర్గం 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఈ రెండు నిర్ణయాల మధ్య గడిచిన దాదాపు పన్నెండేళ్లలో పథకం పేరు మారింది, అమలు చేసే సంస్థ మారింది, గడువు పలుమార్లు వాయిదా పడింది. తవ్వకాలకు అనుమతులు రాకపోవడం, టెండర్లలో చిక్కులు, పరికరాల సరఫరాలో ఆలస్యం వంటి కారణాలను అధికారులు చెబుతూ వచ్చారు. అవన్నీ నిజమే. అయితే వాటికంటే ముందే పథక రూపకల్పనలో ఒక ఖాళీ ఉండిపోయింది. పంచాయతీ కార్యాలయం దాకా కేబుల్ వేయడమే గమ్యమని రాసుకున్నవారు, అక్కడి నుంచి ఇంటికి దాన్ని ఎవరు తీసుకెళ్లాలో, తెగిన కేబుల్‌ను ఎవరు ఎన్ని గంటల్లో అతకాలో గట్టిగా తేల్చలేదు. ఆ ఖాళీకి మూలాలు 2011 కంటే వెనుకే ఉన్నాయి.

మన దేశంలో సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు అది విద్యా, పరిశోధన సంస్థలకే పరిమితం. 1998 చివరలో ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించినా, ఫోన్ లైనే ఆధారమైన ఆ డయలప్ సేవ నగరాలను దాటి పెద్దగా వెళ్లలేదు, ఎందుకంటే చాలా పల్లెల్లో ఫోనే లేదు. ఈ లోటు తీర్చడానికి 1999 నాటి కొత్త టెలికాం విధానం ఒక మార్గం చూపింది. టెలికాం సంస్థల ఆదాయంలో కొంత భాగాన్ని సుంకంగా వసూలు చేసి, లాభం రాని ప్రాంతాల్లో సేవలకు ఖర్చుపెట్టాలన్నది దాని సారాంశం. అలా 2002 ఏప్రిల్‌లో సార్వత్రిక సేవా నిధి అమల్లోకి వచ్చింది, 2003లో దానికి చట్టబద్ధత కలిగింది. సంస్థల సర్దుబాటు స్థూల ఆదాయంలో (అనుమతించిన మినహాయింపులు పోగా మిగిలే ఆదాయంలో) 5 శాతం ఈ నిధికి చేరేది. మొదట్లో పల్లెల్లో పబ్లిక్ టెలిఫోన్లకే దాన్ని వాడేవారు. మొబైల్, బ్రాడ్‌బ్యాండ్ సేవలకు వాడుకునేలా చట్టాన్ని సవరించింది 2006లో. నిధి ఉన్నా ఖర్చు మందకొడిగా సాగింది, వసూలైన సొమ్ములో పెద్ద భాగం ఏళ్ల తరబడి వాడకుండా మిగిలిపోయింది. గ్రామీణ ఇంటర్నెట్ వెనుకబాటుకు డబ్బు లేకపోవడం కారణమన్న వాదన ఈ ఒక్క వాస్తవం ముందే నిలవదు.

2004 అక్టోబరులో ప్రభుత్వం తొలి బ్రాడ్‌బ్యాండ్ విధానాన్ని ప్రకటించింది. సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకునేది. 2010 నాటికి 2 కోట్ల బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు లక్ష్యం కాగా, ఆ ఏడాది ముగిసేసరికి వచ్చినవి కోటికి కాస్త పైన మాత్రమే. ఆ రోజుల్లో ఇళ్లకు వెళ్లే రాగి తీగల్లో అత్యధిక భాగం ప్రభుత్వ రంగంలోని భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్ (బీఎస్ఎన్ఎల్), మహానగర్ టెలిఫోన్ నిగమ్ లిమిటెడ్‌ల చేతుల్లో ఉండేది. ఆ తీగలను అద్దె ప్రాతిపదికన ఇతర సంస్థలూ వాడుకునేలా తెరవాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. ప్రభుత్వం అందుకు ఒప్పుకోలేదు. సొంత సంస్థల ఆస్తిని కాపాడుకోవాలన్న ఆలోచన అర్థం చేసుకోదగినదే, కానీ ఆ సంస్థలు తమ తీగల మీద తామే వేగంగా సేవలు విస్తరించనూ లేదు. సేవను ఇంటి దాకా చేర్చే చివరి అంచె అనే సమస్య విధానపత్రంలో మొదటిసారి కనిపించి, పరిష్కారం లేకుండానే పక్కకు పోయింది ఇక్కడే.

2010లో మూడో తరం మొబైల్ సేవలకూ, వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్‌కూ జరిగిన వేలాల్లో ప్రభుత్వానికి లక్ష కోట్ల రూపాయలకు పైగా వచ్చాయి. స్పెక్ట్రమ్‌కు, అంటే వైర్‌లెస్ సేవలకు వాడే రేడియో తరంగాలకు, అంత సొమ్ము చెల్లించిన సంస్థలు దాన్ని రాబట్టుకోగల పట్టణాల మీదే దృష్టి పెట్టడం సహజం. ఆ నేపథ్యంలో అదే ఏడాది డిసెంబరులో ట్రాయ్ జాతీయ బ్రాడ్‌బ్యాండ్ ప్రణాళికను సిఫారసు చేసింది, మరుసటి ఏడాది జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ అనే పేరుతో ఈ పథకం రూపుదిద్దుకుంది. ప్రధానమంత్రి సలహాదారుగా ఉన్న శామ్ పిట్రోడా ఈ ఆలోచనకు గట్టి మద్దతుదారు. ప్రతి పంచాయతీకి సెకనుకు 100 మెగాబిట్ల సామర్థ్యం ఇవ్వాలన్నది సంకల్పం. 2012 ఫిబ్రవరిలో భారత్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ లిమిటెడ్ అనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. తవ్వకం, కేబుల్ వేసే పని బీఎస్ఎన్ఎల్, రైల్‌టెల్, పవర్‌గ్రిడ్ సంస్థలకు అప్పగించారు.

ఖర్చు తగ్గించడానికి అప్పుడు ఎంచుకున్న పద్ధతి తరువాతి కష్టాలన్నిటికీ మూలమైంది. జిల్లా కేంద్రాల నుంచి బ్లాకు (ఇతర రాష్ట్రాల్లో మన మండలం లాంటి పాలనా విభాగం) దాకా అప్పటికే ఉన్న పాత కేబుల్‌లోని ఖాళీ పోగులను వాడుకోవాలనీ, బ్లాకు నుంచి పంచాయతీకి మధ్య ఎక్కడ కేబుల్ లేదో అంతమేరకే కొత్తది వేయాలనీ నిర్ణయించారు. కాగితం మీద ఇది పొదుపు. క్షేత్రంలో మాత్రం కొత్త కేబుల్ ఒక మోస్తరు వయసున్న పాత కేబుల్‌కు అతుక్కుని, పాతదాని లోపాలన్నీ కొత్తదానికీ సంక్రమించాయి. పైగా ఒకే దారి. రోడ్డు వెడల్పు చేసే యంత్రం ఒకచోట కేబుల్‌ను తెంపితే, ఆ దారిలో దాని అవతల ఉన్న పంచాయతీలన్నీ ఒకేసారి ఆగిపోయేవి. మరో వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చే దారి ఉండేది కాదు. ఇక పంచాయతీ నుంచి ఇళ్లకు చేర్చే పనిని టెలికాం సంస్థలు, ఇంటర్నెట్ సంస్థలు, కేబుల్ ఆపరేటర్లు తమంతట తామే ముందుకొచ్చి చేస్తారని భావించారు. అందరికీ సమానంగా సామర్థ్యం అద్దెకు ఇస్తామన్నది ప్రభుత్వం హామీ. పల్లెలో నాలుగు కనెక్షన్ల కోసం, ఎప్పుడు ఆగుతుందో తెలియని కేబుల్ మీద ఆధారపడి పెట్టుబడి పెట్టేది ఎవరన్న ప్రశ్నను మార్కెట్‌కు వదిలేశారు.

ఈ పథకానికి తొలి ప్రయోగస్థలాల్లో ఒకటి మన ప్రాంతంలోనే ఉండటం తెలుగు పాఠకులు గుర్తుంచుకోవలసిన విషయం. 2012లో దేశం మొత్తం మీద మూడు బ్లాకులను ఎంపిక చేశారు: రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లా అరాయీ, త్రిపురలోని పానీసాగర్, అప్పటి విశాఖపట్నం జిల్లాలోని పరవాడ. పరవాడ ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇతర రాష్ట్రాల బ్లాకులతో పోలిస్తే మన మండలాలు చిన్నవి. 1985లో సమితుల స్థానంలో మండలాలు వచ్చినప్పటి నుంచీ మండల కేంద్రానికీ పంచాయతీకీ దూరం తగ్గింది. కేబుల్ వేయడానికి ఇది పెద్ద సౌలభ్యం. ప్రయోగం జరిగిన మూడుచోట్లా కేబుల్ పంచాయతీకి చేరింది, పరికరాలు పనిచేశాయి. అంటే సాంకేతికంగా ఇది సాధ్యమేనని రుజువైంది. అయితే కేబుల్ చేరాక పల్లె దాన్ని ఏ మేరకు వాడుకుందన్నది కూడా అదే పట్టుదలతో పరిశీలించి, దేశమంతటా విస్తరించే ముందు రూపకల్పనను దిద్దుకుని ఉంటే తరువాతి దశాబ్దం వేరుగా ఉండేదని నా అభిప్రాయం.

2013 చివరి గడువు దాటిపోయింది. 2014లో కొత్త ప్రభుత్వం డిజిటల్ ఇండియా కార్యక్రమాన్ని చేపట్టి, ఈ నెట్‌వర్క్‌ను దాని వెన్నెముకగా పేర్కొంది. పథకాన్ని సమీక్షించడానికి నియమించిన కమిటీకి జె. సత్యనారాయణ అధ్యక్షత వహించారు. ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌కు చెందిన ఈ ఐఏఎస్ అధికారి కేంద్రంలో ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక విభాగం కార్యదర్శిగా పనిచేసినవారు. 2015 మార్చి చివరలో వచ్చిన ఆ నివేదిక పథకానికి భారత్‌నెట్ అని పేరు సూచించింది, వ్యయాన్ని 72,778 కోట్ల రూపాయలుగా అంచనా వేసింది. ఒకే దారి బదులు వలయాకారంలో కేబుల్ వేయాలనీ, అమలులో రాష్ట్రాలకూ ప్రైవేటు సంస్థలకూ చోటివ్వాలనీ సూచించింది. ప్రభుత్వం పేరును వెంటనే స్వీకరించింది. వలయాకార రూపకల్పన దేశవ్యాప్తంగా ఆమోదం పొందడానికి మాత్రం ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది.

సరిగ్గా ఆ కాలంలోనే రెండు తెలుగు రాష్ట్రాలు తమవైన దారులు వెతుక్కున్నాయి. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ భూమి తవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగా కేబుల్ లాగింది. తవ్వకానికయ్యే ఖర్చూ, అనుమతుల జాప్యమూ రెండూ తప్పాయి. ఇంకా ముఖ్యమైనది, ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చే బాధ్యతను ఊళ్లో అప్పటికే టీవీ ప్రసారాలు అందిస్తున్న కేబుల్ ఆపరేటర్లకు అప్పగించింది. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ కలిపి ఇస్తామని ప్రకటించింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. చివరి అంచెకు ఒక మనిషిని ముందే నిర్ణయించడం, ఆ మనిషి చందాదారుడికి తెలిసినవాడై ఉండటం ఈ నమూనాలోని బలం. బలహీనతా కళ్లముందే ఉంది: తుపాను వస్తే స్తంభంతోపాటు కేబులూ నేలకొరుగుతుంది. 2014 హుద్‌హుద్ దెబ్బ తరువాత విశాఖపట్నంలో కరెంటు తీగలను భూగర్భానికి మార్చే పని మొదలైన కాలంలోనే ఇంటర్నెట్ కేబుల్‌ను స్తంభాల మీదికి ఎక్కించారు. తక్కువ ఖర్చుతో త్వరగా చేరాలంటే ఆ రాజీ తప్పలేదేమో గానీ, తీరప్రాంతంలో దాని మూల్యం నిర్వహణ ఖర్చు రూపంలో ఏటా చెల్లించవలసిందే.

తెలంగాణ వేరే అవకాశాన్ని అందిపుచ్చుకుంది. ఇంటింటికీ తాగునీరు అందించే మిషన్ భగీరథ పైపుల కోసం ఎలాగూ కందకాలు తవ్వుతున్నందున, వాటిలోనే ఫైబర్ కోసం గొట్టాలు వేసింది. ఒక తవ్వకంతో రెండు పనులు కావడం ప్రణాళికలో అరుదుగా కనిపించే దూరదృష్టి. అయినా గొట్టం వేయడం వేరు, దానిలో కేబుల్ నింపి, పరికరాలు బిగించి, సేవ ప్రారంభించడం వేరు. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ సంస్థ టీ-ఫైబర్ ద్వారా కొన్ని గ్రామాల్లో ప్రయోగాత్మకంగా ఇళ్లకు సేవలు మొదలైంది 2024 డిసెంబరులో.

కేంద్ర పథకం విషయానికొస్తే, తొలి దశలోని లక్ష పంచాయతీలు 2017 డిసెంబరుకు పూర్తయ్యాయి. అంతకు ముందే జులైలో రెండో దశకు ఆమోదం లభించింది, మొత్తం వ్యయం 42,068 కోట్ల రూపాయలకు చేరింది. పూర్తయిన పంచాయతీలను అధికారిక లెక్కల్లో ‘సేవకు సిద్ధం’ అని నమోదు చేసేవారు. కేబుల్ చేరి, పరికరం బిగించి, ఒకసారి వెలిగితే ఆ పంచాయతీ సిద్ధమైనట్లే. ఆ మరుసటి వారం అది పనిచేస్తోందా, బడికీ ఆసుపత్రికీ కనెక్షన్ ఉందా అన్నవి ఆ లెక్కకు అవసరం లేదు. పరికరం ఉన్న గది తాళం పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉండటం, కరెంటు పోతే బ్యాటరీ లేకపోవడం వంటి చిన్న కారణాలకే సేవ ఆగిన ఊళ్లు ఉన్నాయి. కిలోమీటర్లను, పంచాయతీలను లెక్కించే యంత్రాంగం వాడుకను లెక్కించలేదు. లెక్కించని దానికి జవాబుదారీ ఉండదు.

ఈలోగా దేశంలో ఇంటర్నెట్ మరో మార్గంలో వ్యాపించింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. 2024 చివరికి దేశంలో బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు సుమారు 94 కోట్లు కాగా, వారిలో తీగ ద్వారా కనెక్షన్ ఉన్నవారు సుమారు 4 కోట్లే. మొబైల్ ఉండగా ఫైబర్ ఎందుకన్న ప్రశ్న కొందరు వేస్తారు. ఇంట్లో ఒకే ఫోను ఉండి, దాన్ని తండ్రి పనికి తీసుకెళితే పిల్లల పాఠం ఆగిపోతుందని 2020 లాక్‌డౌన్ చూపించింది. సిగ్నల్ కోసం ఏజెన్సీ గ్రామాల విద్యార్థులు గుట్టలెక్కిన వార్తలు అప్పట్లో తరచూ వచ్చాయి. పైగా మొబైల్ టవర్‌కు సామర్థ్యం కావాలన్నా దాని కిందికి ఫైబర్ రావలసిందే.

2020 స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ వెయ్యి రోజుల్లో ఆరు లక్షలకు పైగా గ్రామాలన్నిటికీ ఫైబర్ చేరుస్తామని ప్రకటించారు. 2021 జూన్‌లో 16 రాష్ట్రాల్లో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో పనులు చేపట్టడానికి మంత్రివర్గం ఆమోదం తెలిపి, 19,041 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది. టెండర్లు పిలిస్తే ఎవరూ రాలేదు. వ్యాపారం చేసేవారు పల్లె ఇంటర్నెట్‌ను ఏ దృష్టితో చూస్తున్నారో ఇంతకంటే స్పష్టంగా తెలిసిన సందర్భం లేదు. ఇటు బీఎస్ఎన్ఎల్‌లో 2020 జనవరి 31న స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద ఒకేరోజు 78,000 మందికి పైగా ఉద్యోగులు వెళ్లిపోయారు. సంస్థ జీతాల భారం తగ్గింది, కానీ ఏ కేబుల్ ఏ పొలంగట్టు కింద నుంచి పోతుందో తెలిసిన సిబ్బందిలో ఎందరో వారిలో ఉన్నారు. 2022 జులైలో భారత్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్‌ను కూడా ఇదే సంస్థలో విలీనం చేయడానికి నిర్ణయం జరిగింది.

2023 ఆగస్టు 4న ఆమోదం పొందిన సవరించిన భారత్‌నెట్ ఈ అనుభవాల నుంచి పుట్టినదే. సుమారు 2.64 లక్షల పంచాయతీలను వలయాకారంలో కలపడం, మిగిలిన సుమారు 3.8 లక్షల గ్రామాలకు కోరిన చోట కనెక్షన్ ఇవ్వడం, ఐదేళ్లలో ఒకటిన్నర కోటి గ్రామీణ ఇళ్లకు ఫైబర్ చేర్చడం దీని లక్ష్యాలు. కేబుల్ వేసిన గుత్తేదారే పదేళ్లు నిర్వహించాలన్న షరతును ఒప్పందంలో చేర్చారు. ఇంటికి కనెక్షన్ ఇచ్చే పనిని ‘ఉద్యమి’ అని పిలిచే స్థానిక యువతకు ఆదాయంలో వాటా ఇచ్చి అప్పగించారు. ఊళ్లోని కేబుల్ ఆపరేటరే చివరి అంచెను మోయగలడన్న ఆంధ్రప్రదేశ్ అనుభవానికి ఇది దగ్గరి బంధువు. సార్వత్రిక సేవా నిధి సైతం 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంతో డిజిటల్ భారత్ నిధి అయింది.

2025 జనవరిలో ప్రకటించిన రెండో జాతీయ బ్రాడ్‌బ్యాండ్ మిషన్ 2030 నాటికి సాధించవలసిన వాటిలో గ్రామాల సంఖ్యతోపాటు సేవ 95 శాతం సమయం ఆగకుండా నడవాలన్న ప్రమాణాన్నీ, బడులు, ఆరోగ్య కేంద్రాలు, అంగన్‌వాడీలు, పంచాయతీ కార్యాలయాల వంటి వాటిలో 90 శాతానికి కనెక్షన్ ఉండాలన్న ప్రమాణాన్నీ చేర్చింది. కేబుల్ వేయడాన్ని కాక అది నడవడాన్ని కొలిచే గీటురాయి జాతీయ స్థాయి పత్రంలోకి ఇలా రావడం ఆలస్యమైనా అవసరమైన మార్పు. ఆ 95 శాతాన్ని దేశ సగటుగా కాకుండా పంచాయతీల వారీగా, నెలవారీగా ప్రజలకు కనబడేలా ప్రచురించాలి. అప్పుడే సర్పంచి, బడి ప్రధానోపాధ్యాయుడు, ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి తమ ఊరి అంకెను చూపించి గుత్తేదారును నిలదీయగలుగుతారు.