కథ రాసేవాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

గుంటూరులో కొత్తగా రాస్తున్న పిల్లలు కొందరు తమ కథలు నాకు చూపిస్తుంటారు. దాదాపు అందరిదీ అవే నమ్మకాలు. రాయగా రాయగా కొన్ని వాటంతటవే పోతాయి, కొన్నిటిని పనిగట్టుకుని వదిలించుకోవాలి.

అపోహ: యాస ఎంత దట్టిస్తే కథ అంత మనదవుతుంది.

వాస్తవం: మిర్చి యార్డు మీద కథ. ప్రతి వాక్యంలో "యాడికి", "ఏంది", "పోతన్నా". చదివేవాడు మనిషిని వదిలేసి అక్షరాలు కూడబలుక్కుంటాడు. చెయ్యి తిరిగినవాళ్లు యాసని ఎక్కువగా క్రియ చివర్లోనూ, పనికి సంబంధించిన మాటల్లోనూ పెడతారు. "తాలు తీసేస్తే నాకేం మిగులుద్ది?" అని రైతు అన్నాడనుకోండి (తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయలు). ఆ "ద్ది" వినగానే మనిషి కృష్ణా గుంటూరు వైపు వాడని తెలిసిపోతుంది. తాలు ఎక్కువుంటే ధర పడిపోతుంది కాబట్టి, వ్యాపారి చెయ్యి టిక్కీలోకి, అంటే మిర్చి బస్తాలోకి, వెళ్తుంటే రైతు ఊపిరి బిగబట్టి చూస్తాడు. యార్డులో తుమ్ములు, ఎర్రటి కుప్పలు అందరూ రాసేవే. ఆ చెయ్యి గురించి రాసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. కథ చెప్పేవాడే ఆ ఊరివాడైతే మాత్రం లెక్క వేరు. మొదటినుంచీ అదే గొంతు కాబట్టి రెండో పేజీకి చెవి అలవాటు పడిపోతుంది.

అపోహ: చివర్లో మెలిక లేకపోతే అది కథే కాదు.

వాస్తవం: కొడుకు బతికే ఉన్నాడని ఆఖరి లైనులో చెప్పడం కోసం నాలుగు పేజీలు దాచిపెడితే, ఆ నాలుగు పేజీల్లోనూ తల్లి నోరు కట్టేసినట్టే. మొదటి పేరాలోనే చెప్పేసి చూడండి. ఆవిడకి మాట్లాడ్డానికి బోలెడుంటుంది.

అపోహ: సాహిత్యం చదువుకున్నవాళ్లకే కథ వస్తుంది.

వాస్తవం: "గాలివాన" కథ రాసిన పాలగుమ్మి పద్మరాజుగారు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పారు. "యజ్ఞం" కథ రాసిన కారా మాస్టారు (కాళీపట్నం రామారావుగారు) బళ్లో లెక్కలు చెప్పారు. ఇక దీని మీద వాదన దేనికి?

అపోహ: తిరగరాస్తే మొదటి ఆవేశం చల్లారిపోతుంది.

వాస్తవం: విజయవాడ కథల్లో సగం ప్రకాశం బ్యారేజీ మీద సూర్యాస్తమయంతో మొదలవుతాయి (కాస్త ఎక్కువ చేసి చెప్తున్నాను, మరీ ఎక్కువేం కాదు). ఆ పేరా కొట్టేస్తే ఆవేశానికి వచ్చే నష్టమేమీ లేదు, అది రెండో పేరాలో భద్రంగానే ఉంటుంది. కష్టమంతా సంభాషణలతోనే. వాటిని నేను పైకి చదువుకుంటాను, పేర్లు మాత్రం వదిలేసి. ఏ మాట ఎవరిదో చెవికి తెలియకపోతే ఆ సన్నివేశం మొత్తం మళ్లీ రాస్తాను.