తిట్టుకుంటేనే బాగుపడతామా? అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పని చేస్తున్నాను. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో పిల్లలు వస్తారు. పంట పోయిన ఏడు రైతులు వస్తారు. ఇంటి పనితో, చేతి పనితో సతమతమయ్యే ఆడవాళ్లు ఏడాది పొడవునా వస్తారు. ఎవరి కష్టం వాళ్లది. కానీ పది నిమిషాలు కూర్చున్నాక దాదాపు అందరి నోటా ఒకటే మాట: "తప్పంతా నాదే మేడం, నేను దేనికీ పనికిరాను." ఆ మాట చుట్టూ పేరుకున్న నమ్మకాల గురించే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణల్లో మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అపోహ: నన్ను నేను తిట్టుకోకపోతే బద్ధకం వచ్చేస్తుంది.

వాస్తవం: అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి తన ఫిజిక్స్ నోట్‌బుక్ తెచ్చింది. చివరి పేజీలో "వేస్ట్" అని రాసుకుంది, ఒకసారి కాదు, పేజీ నిండా. పెన్ను ఎంత నొక్కిందంటే ఆ అక్షరాలు వెనక మూడు పేజీల మీద కూడా అచ్చు పడ్డాయి. "ఇట్ల రాసుకుంటే రోషం వచ్చి చదువుతాననుకున్న" అంది. చదివావా అని అడిగాను. లేదు. ఆ పుస్తకం తెరవాలంటేనే భయమేస్తోందట.

ఇందులో వింతేమీ లేదు. ఎదుటివాళ్లు కర్ర ఎత్తినా, మనల్ని మనం తిట్టుకున్నా శరీరం ఒకేలా బెదురుతుంది. గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది, బుర్ర ముందున్న లెక్కను వదిలేసి ఎలా తప్పించుకోవాలా అని చూస్తుంది. అప్పుడు చేయి ఫోన్ మీదికి పోతుంది. దాన్నే మనం బద్ధకం అంటాం, దానికి మళ్లీ తిట్టుకుంటాం. కెనడాలో మొదటి ఏడాది కాలేజీ విద్యార్థుల మీద 2010లో ఒక అధ్యయనం వచ్చింది. మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసి, ఆ తప్పుకు తమను తాము క్షమించుకున్న పిల్లలు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. 2012లో కాలిఫోర్నియా పరిశోధకులు చూసిందీ ఇలాంటిదే: పరీక్షలో తప్పాక తమ మీద తాము దయ చూపుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకు ఎక్కువ సేపు చదివారు.

అపోహ: నన్ను నేను అంగీకరించడమంటే ఓడిపోయానని ఒప్పుకోవడం.

వాస్తవం: 2021-22లో నల్ల తామర పురుగు మన వైపు మిర్చిని ఎలా తినేసిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పూతలో చేరింది, పూత రాలిపోయింది, మందు మీద మందు కొట్టినా ఆగలేదు. అప్పట్లో పంట పోయిన ఒక పెద్దాయన "నాకు ఎవుసం చాతకాదు మేడం" అంటూ తలెత్తలేదు. ముప్పై ఏళ్లుగా సేద్యం చేస్తున్న మనిషి!

ఇద్దరం కూర్చుని ఆ ఏడాది జరిగింది వరసగా కాగితం మీద పెట్టాం. విత్తనం, కౌలు, మందులు, చుట్టుపక్కల చేన్లు. అన్నీ రాశాక ఆయన పొరపాట్లు రెండు తేలాయి. అదనంగా రెండెకరాలు కౌలుకు తీసుకోవడం ఒకటి. ఎవరినీ అడగకుండా దుకాణంలో అప్పు పెట్టి మందులు తెచ్చి కొడుతూనే పోవడం ఇంకొకటి. మిగతాదంతా పురుగు పని. ఆ రెండూ ఆయన దాచుకోలేదు, తగ్గించి చెప్పలేదు, మరుసటి ఏడు కౌలు వదులుకున్నాడు. అంగీకరించడమంటే ఇదే: చేసిన పొరపాటును పొరపాటుగా రాసుకోవడం, మనిషి మొత్తానికి సున్నా వేయకపోవడం. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త జీవితాంతం నేర్పింది కూడా ఈ తేడానే: పనికి మార్కులు వేయండి, మనిషికి వేయకండి.

అపోహ: చెడు ఆలోచనలు రాకుండా ఆపేయాలి.

వాస్తవం: మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దంటే ఏమవుతుందో మన పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు. 1987లో అమెరికన్ మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పి ఇదే పరీక్షించింది. వద్దన్నకొద్దీ అదే వచ్చింది.

ఆపే బదులు పక్కకు జరిగి చూడాలి. దీనికి తెలుగులోనే చక్కటి వీలుంది. "నేను పనికిరాను" అనే బదులు "నేను పనికిరాననిపిస్తోంది" అనండి. ఆ ఒక్క "అనిపిస్తోంది"తో అది తీర్పు కాస్తా ఒక ఆలోచనగా మారుతుంది. దాన్ని కాగితం మీద పెట్టి, ఎంతవరకు నిజమో చూడొచ్చు. అమెరికన్ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన చికిత్సలో ముఖ్యమైన పని ఇదే. టెన్షన్ బాగా ఉన్నప్పుడు "నేను" అనకుండా తమను తాము పేరు పెట్టి పిలుచుకుంటూ మాట్లాడుకున్నవాళ్లు తక్కువ ఆందోళన పడ్డారని 2014లో వచ్చిన పరిశోధన చెబుతోంది. మా గదిలో కూడా ఇది చాలామందికి పని చేసింది.

అపోహ: రోజూ అద్దం ముందు "నేను గొప్పవాణ్ణి" అనుకుంటే చాలు.

వాస్తవం: ఆత్మవిశ్వాసం తక్కువగా ఉన్నవాళ్లు ఇలాంటి మాటలు పదే పదే అనుకుంటే మరింత దిగులు పడ్డారని 2009లో ఒక కెనడా అధ్యయనంలో తేలింది. మనసు నమ్మని మాటను దాని మీద రుద్దకండి. "ఇవాళ ఒక చాప్టర్ చదివాను" లాంటి నిజమైన చిన్న మాట చాలు.

ఒక్క విషయం మాత్రం ఆగి చదవండి. రెండు వారాలు దాటి దిగులు వదలకపోయినా, నిద్ర, ఆకలి తప్పినా, చావు ఆలోచనలు వస్తున్నా అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు "నేను పనికిరాను" అన్నది ఆ జబ్బు లక్షణమే. దానికి వైద్యం ఉంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

అపోహ: లోపల తిట్టే గొంతు నాదే, అది చెప్పేది నిజమే.

వాస్తవం: పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అక్క జాకెట్లు కుడుతుంది. చంక దగ్గర కుట్టు కొంచెం వంకర పోతే చాలు, "చేతులు ఇరిగినయానే నీకు" అని లోపలి నుంచి వినిపిస్తుందట. ఆ మాట ఎవరి గొంతులో వినబడుతుందని అడిగాను. చాలాసేపు చీర కొంగు మడతపెడుతూ కూర్చుంది. "మా పెద్దమ్మ. మిషన్ నేర్పింది ఆమెనే" అంది. కాసేపాగి, "ఆమె మంచిదే మేడం. ఆమెను సుత గట్లనే తిట్టి నేర్పిండ్రట."

పిల్లలు ముందు పైకి విన్న మాటలే తర్వాత లోపల మాట్లాడుకుంటారని రష్యన్ మనస్తత్వవేత్త వైగోత్స్కీ 1930లలోనే రాశాడు. అంటే లోపలి మాట నేర్చుకున్నదే. నేర్చుకున్నదాన్ని మార్చుకోవచ్చు.

"నీ దగ్గర పని నేర్చుకునే పిల్ల కుట్టు వంకర వేస్తే ఏమంటావు?" అని అడిగితే ఆ అక్క వెంటనే చెప్పింది: "ఏం కాదు బిడ్డా, ఇప్పి మల్ల కుట్టు అంట."

ఆ మాటనే చాక్‌పీసుతో మిషన్ పక్క గోడ మీద రాసుకుంది. దసరా గిరాకీ మీదపడినప్పుడు పెద్దమ్మ గొంతు ఇంకా వస్తూనే ఉందట. అప్పుడు మిషన్ ఆపి, గోడ వంక చూసి, కుట్టు విప్పుతుంది.