ప్రేతం, హత్య, ప్రతీకారం: విషాద నాటకాలపై అపోహలు, వాస్తవాలు

పాత విషాద నాటకాలకు దర్శకత్వం వహించేవారికి ఒక ఇబ్బంది తప్పదు. నటులు నాటక ప్రతిని తెరవకముందే దాని గురించి కొన్ని గట్టి అభిప్రాయాలతో రిహార్సల్‌కు వస్తారు. ప్రేక్షకుల సంగతి చెప్పనక్కరలేదు. వాటిలో తరచుగా వినిపించే కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: గ్రీకు విషాద నాటకమంటే వేదిక మీద నెత్తురు పారవలసిందే.

ఏథెన్స్ ప్రేక్షకులు హత్యను చూడటం చాలా అరుదు. సాధారణంగా వారు దానిని వినేవారు. క్రీ.పూ. 458లో ప్రదర్శించిన ఈస్కిలస్ 'అగమెమ్నాన్'లో రాజు కోటలోకి వెళతాడు, లోపలి నుంచి అతని కేకలు వినిపిస్తాయి, బయట ఉన్న వృద్ధుల బృందం లోపలికి వెళ్ళాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంది, ఆ తరువాతే భర్త శవం, అతడు ట్రాయ్ నుంచి బందీగా తెచ్చిన కసాండ్రా శవం దగ్గర నిలబడిన రాణి క్లైటెమ్నెస్ట్రా మనకు కనిపిస్తుంది. ఆ తర్జనభర్జన సాగదీతగా ఉందని కత్తిరించే దర్శకులున్నారు. నా దృష్టిలో ఆ కోతతోనే దృశ్యం చచ్చిపోతుంది. వేదిక మీద మరణాన్ని చూపరాదన్న నియమం మన సంస్కృత నాటకశాస్త్రంలోనూ ఉంది కాబట్టి ఈ పద్ధతి తెలుగు నటులకు అంత కొత్తగా అనిపించదు, భాసుడి 'ఊరుభంగం' ఆ నియమాన్ని పక్కన పెట్టిందన్నది వేరే విషయం.

నెత్తురు నిజంగా వేదిక మీదికి వచ్చింది ఎలిజబెత్ రాణి కాలపు లండన్‌లో. 'బ్యాటిల్ ఆఫ్ ఆల్కజార్' నాటకానికి నేపథ్యంలో పనిచేసేవారి కోసం రాసిపెట్టుకున్న పట్టీ ఒకటి ఇప్పటికీ మిగిలి ఉంది. అందులో మూడు సీసాల రక్తం, గొర్రె గుండెకాయ, కాలేయం వంటివి సిద్ధం చేసుకోవాలన్న సూచన కనిపిస్తుంది.

అపోహ: ప్రేతం వచ్చేది ప్రేక్షకులను భయపెట్టడానికి.

ఈ అభిప్రాయం వల్ల పాడైనన్ని ప్రదర్శనలు మరి దేనివల్లా పాడు కాలేదు. పొగ వదులుతారు, నీలి దీపాలు వేస్తారు, ప్రేతం మాట్లాడే మాట ఒక్కటీ వినపడదు. వాస్తవానికి ప్రేతం ఫిర్యాదుదారు. హంతకుడే సింహాసనం మీదో దాని పక్కనో కూర్చున్నప్పుడు, ఏ న్యాయస్థానం తలుపూ తెరుచుకోనప్పుడు, చచ్చినవాడే వచ్చి తన కేసు చెప్పుకుంటాడు. సెనెకా లాటిన్ నాటకాల నుంచి వచ్చిన ఈ పద్ధతిని, 1592 నాటికి అచ్చయిన 'స్పానిష్ ట్రాజెడీ'లో థామస్ కిడ్ విచిత్రమైన మలుపు తిప్పాడు. అందులో యుద్ధంలో చనిపోయిన ఆండ్రియా ప్రేతం, మనిషి రూపంలో ఉన్న ప్రతీకారంతో కలిసి వచ్చి, మనతోపాటు కూర్చుని నాటకం చూస్తుంది. మధ్యలో ప్రతీకారం నిద్రపోతే ఆండ్రియా కంగారుపడి లేపుతాడు. కేసు వాయిదా పడినప్పుడల్లా ఫిర్యాదుదారు పడే అసహనం అది, అందులో భయపెట్టేదేమీ లేదు. భయపెట్టే ప్రేతాలు ఆనాటికే నవ్వులపాలయ్యాయనడానికీ ఆధారం ఉంది: ప్రతీకారం తీర్చుకొమ్మని హామ్లెట్‌ను పిలిచే పాలిపోయిన ప్రేతం ఆల్చిప్పలమ్ముకునే ఆడమనిషిలా అరుస్తోందని రచయిత థామస్ లాడ్జ్ 1596లోనే ఎగతాళి చేశాడు. ఇప్పుడు మనకు తెలిసిన షేక్‌స్పియర్ 'హామ్లెట్' అప్పటికింకా రాలేదు. అదే కథతో అంతకుముందున్న నాటకం గురించి అతడు రాశాడు.

అపోహ: హామ్లెట్ పిరికివాడు, అందుకే ప్రతీకారం ఆలస్యం చేశాడు.

పరదా వెనక ఉన్నది ఎవరో చూడకుండానే పొడిచి మంత్రి పొలోనియస్‌ను చంపినవాడిని పిరికివాడనడం ఎలా కుదురుతుంది? అతని చిక్కు సాక్ష్యానికి సంబంధించినది. అతని తండ్రి అయిన రాజు తోటలో నిద్రపోతుండగా చెవిలో విషం పోశారు, పాము కరిచి చనిపోయాడని లోకానికి చెప్పారు, చూసినవారు లేరు. ఉన్న ఒక్క సాక్షీ ప్రేతమే. పైగా చనిపోయినవారి ఆత్మలు పాపక్షాళన కోసం వేచి ఉండే లోకం ఉందన్న నమ్మకాన్ని ఇంగ్లండ్ చర్చి అప్పటికే తోసిపుచ్చింది కనుక, తండ్రి రూపంలో వచ్చింది ఆయన ఆత్మా, సైతానా అన్న సందేహం ఆనాటి చదువుకున్న యువకుడికి కలగడం సహజం. అందుకే అతడు నాటకంలో నాటకం వేయించి, తండ్రి తరువాత రాజైన పినతండ్రి క్లాడియస్ ముఖకవళికలను పరీక్షిస్తాడు. ఆ తరువాత క్లాడియస్ ఒంటరిగా నేరం ఒప్పుకుంటాడు. ఆ మాటలు మనం వింటాం, హామ్లెట్ వినడు. ఈ తేడాను నటుడు గుర్తించకపోతే పాత్ర మొత్తం ఊగిసలాటగా మిగిలిపోతుంది.

అపోహ: ఈ నాటకాలు ప్రతీకారాన్ని కీర్తిస్తాయి.

కిడ్ నాటకంలో కొడుకు హొరేషియోను పోగొట్టుకున్న హైరోనిమో స్వయంగా న్యాయాధికారి. ఇతరుల కేసులు తీర్చవలసిన ఆయన తన కేసును రాజు చెవిన వేయలేకపోతాడు, ఎందుకంటే హంతకులలో ఒకడు రాజు మేనల్లుడు, మరొకడు పోర్చుగల్ యువరాజు. మతి చలించి, తన దగ్గరకు వచ్చిన అర్జీదారుల కాగితాలను పళ్ళతో చింపేస్తాడు. చివరికి ఆస్థానంలో తాను వేయించిన నాటకంలోనే నిజమైన హత్యలు జరిపించి, నాలుక కొరికేసుకుని, కలం చెక్కుకోవడానికని అడిగి తీసుకున్న చాకుతో ఏ నేరం చేయని కాస్టిల్ డ్యూక్‌ను పొడిచి, తనను తాను పొడుచుకుంటాడు. ఆ శవాలన్నింటినీ లెక్కపెట్టి, తన మిత్రుడు హొరేషియోది కూడా కలుపుకుని, ఆండ్రియా ప్రేతం సంతోషిస్తుంది. దీన్ని కీర్తన అనుకోవడానికి మనసు రాదు.

అపోహ: 'మాక్బెత్' విందులో, మాక్బెత్ చంపించిన బాంకో ప్రేతానికి నటుడు అక్కరలేదు, ఖాళీ కుర్చీ చాలు.

ఖాళీ కుర్చీ వాడుకోవడం తప్పేమీ కాదు, కాని రచనలో ఉన్నది అది కాదు. 1623 నాటి ముద్రణలోని రంగసూచన ప్రకారం ప్రేతం లోపలికి వచ్చి మాక్బెత్ స్థానంలో కూర్చుంటుంది. 1611లో గ్లోబ్ నాటకశాలలో ఈ నాటకం చూసిన సైమన్ ఫోర్‌మన్ కూడా తన నోట్సులో బాంకో ప్రేతం వచ్చి కుర్చీలో కూర్చున్నదని రాసుకున్నాడు. నటుడు అక్కడ కూర్చుంటే ప్రేక్షకులు మాక్బెత్ కళ్ళతో చూస్తారు, లేకపోతే అతిథుల పక్షాన ఉండి అతనికి మతిపోయిందనుకుంటారు. 'హామ్లెట్'లో ఈ తేడా ఇంకా తికమక పెడుతుంది, ఎందుకంటే మొదటి అంకంలో కావలివారికి సైతం కనిపించిన ప్రేతం హామ్లెట్ తల్లి గెర్ట్రూడ్ గదిలోకి వచ్చినప్పుడు ఆమెకు కనిపించదు. ఆ గది దృశ్యంలో ప్రేతం యుద్ధకవచం లేకుండా రాత్రి ఉడుపుల్లో రావాలని 1603లో అచ్చయిన ప్రతి చెబుతుంది. దర్శకులు చాలామంది ఈ సూచనను పట్టించుకోకుండా కవచంతోనే పంపుతారు.