ఫెడరల్ కోర్టులో కేసు: మనవాళ్ళలో తిరిగే అపోహలు, అసలు పద్ధతి

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు ఫెడరల్ కోర్టుతో పని పడేది ఎక్కువగా ఇమిగ్రేషన్ దరఖాస్తు ఏళ్ళ తరబడి కదలనప్పుడే. ఆ కేసుల కాగితాలు తయారుచేసే పారాలీగల్‌గా నేను ఫోన్లో తరచూ వినే మాటలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. వాదించి ఓడిపోతే అదొక లెక్క. వాదన దాకా వెళ్ళకుండానే కాగితాల దగ్గర కేసు పోతే మాత్రం నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అది మన చేతిలో ఉన్న పని. మీ సొంత కేసుకు సలహా మాత్రం లాయరు దగ్గరే తీసుకోండి.

అపోహ: గవర్నమెంటు మీద కేసు వేస్తే కక్ష కట్టి దరఖాస్తు తిరస్కరిస్తారు.

మాండమస్ కేసులో (ఆగిపోయిన పని చేయమని అధికారులను ఆదేశించమని కోర్టును అడిగే కేసు) మనం అడిగేది "అప్రూవ్ చేయించండి" అని కాదు, "ఏదో ఒక నిర్ణయం తీసుకోమని చెప్పండి" అని. కేసు వేయడం తిరస్కరణకు చట్టంలో ఎక్కడా కారణం కాదు. కానీ ఫైల్లో నిజంగానే లోపం ఉంటే, ఆ నిర్ణయం మనకు వ్యతిరేకంగా త్వరగా వచ్చేస్తుంది. అందుకే కేసు కన్నా ముందు పాత ఫారాలన్నీ బయటికి తీసి మళ్ళీ చదువుకోవాలి.

ఇంకో మాట. ప్రయారిటీ డేట్ (క్యూలో మన స్థానం చెప్పే తేదీ) కరెంట్ కాని, అంటే ఇంకా వంతు రాని గ్రీన్ కార్డుకు ఈ దారి పనికిరాదు. దేశాలవారీ పరిమితి పెట్టింది కాంగ్రెస్. లేని వీసా నంబరును జడ్జి ఇప్పించలేరు. ఇది తెలియక ఫీజు కట్టేవాళ్ళను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అపోహ: డాలస్ ఏరియాలో ఉంటున్నాం కాబట్టి డౌన్‌టౌన్ డాలస్ కోర్టులోనే వేయాలి.

ఇర్వింగ్‌లో ఉంటే టెక్సస్ నార్తర్న్ డిస్ట్రిక్ట్, డాలస్ డివిజన్. ఫ్రిస్కో అయితే ఈస్టర్న్ డిస్ట్రిక్ట్, షెర్మన్ డివిజన్. కాలిన్, డెంటన్ కౌంటీలు రెండూ దాని కిందికే వస్తాయి. రెండు కోర్టుల లోకల్ రూల్స్ వేరు, జడ్జీల స్టాండింగ్ ఆర్డర్లు (ఒక్కో జడ్జి తమ కేసులకు పెట్టుకున్న నియమాలు) వేరు. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అయి 120 రోజులు దాటినా నిర్ణయం రాకపోతే, మీరు నివసించే డిస్ట్రిక్ట్ కోర్టుకే వెళ్ళాలని చట్టం స్పష్టంగా చెబుతోంది. అక్కడ జడ్జి స్వయంగా తేల్చవచ్చు, లేదా తేల్చమని ఏజెన్సీకి తిప్పి పంపవచ్చు. హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్త. "నేను ఇక్కడ ఉంటున్నాను కాబట్టి ఇక్కడే వేస్తాను" అనే దారిని చట్టం సిటిజన్లకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఇచ్చినంత తేటగా మిగతావాళ్ళకు ఇవ్వలేదు.

అపోహ: లాయరు లేకుండా కేసు తీసుకోనే తీసుకోరు.

సొంత కేసు సొంతంగా వేసుకోవచ్చు. ఫీజు 405 డాలర్లు. అయితే భార్య తరఫున భర్త వాదించడం కుదరదు, కంపెనీ అయితే లాయరు ఉండి తీరాలి. క్లర్క్ ఆఫీసువాళ్ళు ఏ ఫారం కావాలో చెబుతారు గానీ, అందులో ఏం రాయాలో చెప్పకూడదు. వాళ్ళ మీద విసుక్కుని లాభం లేదు.

అపోహ: కేసు నంబరు వచ్చిందంటే గవర్నమెంటుకు అందినట్టే.

ఎక్కువ కేసులు ఇక్కడే చిక్కుకుంటాయి. ఫీజు మాఫీ అయినవాళ్ళను మినహాయిస్తే, సమన్లు అందజేయాల్సింది కేసు వేసినవాళ్ళే. ఒక్కో ప్రతివాదికి ఒక్కో సమన్ల ఫారం నింపి ఇస్తే, క్లర్క్ సంతకం పెట్టి కోర్టు ముద్ర వేసి తిరిగిస్తారు. దానికి కంప్లైంట్ కాపీ జతచేసి 90 రోజుల్లోగా అందజేయాలి.

ఫెడరల్ ఏజెన్సీ మీద కేసైతే కాగితాలు మూడు చోట్లకు వెళ్ళాలి. ఒకటి, ఆ డిస్ట్రిక్ట్ యూఎస్ అటార్నీ (కోర్టులో ప్రభుత్వం తరఫు లాయరు) ఆఫీసులోని సివిల్ ప్రాసెస్ క్లర్క్‌కి. రెండోది, వాషింగ్టన్‌లోని అటార్నీ జనరల్‌కి. మూడోది, ప్రతివాదిగా పెట్టిన ఏజెన్సీకి లేదా అధికారికి. రిజిస్టర్డ్ లేదా సర్టిఫైడ్ మెయిల్‌లో పంపవచ్చు. చాలామంది మూడోది ఒక్కటే పంపి, "అందింది కదా" అని కూర్చుంటారు. కానీ ప్రభుత్వం జవాబివ్వాల్సిన 60 రోజులు లెక్కకు వచ్చేది యూఎస్ అటార్నీకి అందిన రోజు నుంచి. అక్కడికి కవరు వెళ్ళకపోతే గడియారం కదలనే కదలదు.

పంపే మనిషి కూడా ముఖ్యమే. 18 ఏళ్ళు నిండి, కేసులో పార్టీ కానివాళ్ళు పంపాలి. భార్యాభర్తలిద్దరూ వాదులైతే ఆ ఇద్దరూ పనికిరారు. ఒక ఫ్రెండ్‌ని అడగండి. ఆ ఫ్రెండే పోస్టాఫీసులో కవర్లు ఇచ్చి, ప్రూఫ్ ఆఫ్ సర్వీస్ (అందజేసినట్టు చెప్పే పత్రం) మీద సంతకం పెట్టాలి. కవరు అంటించే ముందు సమన్ల కాపీ మీద కోర్టు ముద్ర ఉందో లేదో చూసుకోండి. మీరు నింపి పంపిన ముద్ర లేని ఫారం, క్లర్క్ తిరిగిచ్చిన ఫారం చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కంప్యూటర్లో ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. ముద్ర లేనిది పంపితే పంపనట్టే. పచ్చ రంగు రసీదు కార్డు తిరిగొచ్చాక స్కాన్ చేసి, ట్రాకింగ్ ప్రింటుతో పాటు కోర్టు రికార్డైన డాకెట్‌లో వేయించండి.

ప్రతివాది హైదరాబాద్‌లో ఉంటే ఇలా పోస్టు చేయడం కుదరదు. వేరే దేశాల్లో కోర్టు కాగితాలు అందజేయడం గురించిన హేగ్ ఒప్పందం కింద పోస్టు ద్వారా అందజేయడానికి ఇండియా అభ్యంతరం తెలిపింది. కాగితాలు ఢిల్లీలోని కేంద్ర న్యాయశాఖ ద్వారా వెళ్ళాలి.

అపోహ: కోర్టు కాగితాలు ఎవరూ చూడలేరు.

డాకెట్‌లో మీ పేరు అందరికీ కనిపిస్తుంది. ఇమిగ్రేషన్ కేసుల్లో జతచేసిన పత్రాలను బయటివాళ్ళు ఆన్‌లైన్‌లో తెరవలేరు గానీ, కోర్టుకు వెళ్తే అక్కడి కంప్యూటర్‌లో చూడవచ్చు. అందుకే సోషల్ సెక్యూరిటీ, బ్యాంకు ఖాతా నంబర్లలో చివరి నాలుగు అంకెలే, పుట్టిన తేదీలో సంవత్సరమే, పిల్లల పేర్లలో పొడి అక్షరాలే ఉంచాలి. మిగతాది దిద్దేసే బాధ్యత మనదే, క్లర్క్ చూసి పెట్టరు.

అపోహ: విడాకుల కేసు ఫెడరల్ కోర్టులో వేస్తే త్వరగా తేలుతుంది.

ఫెడరల్ కోర్టువాళ్ళు విడాకులు ఇవ్వరు. అది స్టేట్ కోర్టు పని.

అపోహ: 60 రోజుల్లో జవాబు రాకపోతే మనం గెలిచినట్టే.

ప్రభుత్వం మీద డిఫాల్ట్ తీర్పు (అవతలివాళ్ళు జవాబివ్వనందుకు ఇచ్చే తీర్పు) అంత తేలిగ్గా రాదు. మన హక్కును సాక్ష్యంతో జడ్జికి చూపించాల్సిందే. మామూలుగా యూఎస్ అటార్నీ ఆఫీసు లాయరు ఫోన్ చేసి గడువు పొడిగింపుకు ఒప్పుకుంటారా అని అడుగుతారు. బదులుగా ఇంటర్వ్యూ తేదీయో, నిర్ణయం ఎప్పటిలోగా వస్తుందన్నదో అడిగి, ఈమెయిల్‌లో రాయించుకోండి. ఈలోగా దరఖాస్తు తేలిపోతే, ప్రభుత్వం జవాబు గానీ సమ్మరీ జడ్జిమెంట్ మోషన్ (విచారణ లేకుండానే తీర్పు ఇమ్మనే అర్జీ) గానీ వేయకముందు ఒక చిన్న నోటీసుతో కేసు వెనక్కి తీసుకోవచ్చు, జడ్జి అనుమతి అక్కర్లేదు. ఆన్‌లైన్ స్టేటస్ మారిందని ఆ రోజే నోటీసు వేసేయకండి. అప్రూవల్ కాగితం చేతికొచ్చి, అందులో పేరు, తేదీలు సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాకే వేయండి.