పిపా కచేరీ వినేవారికి: అపోహలు - వాస్తవాలు

అపోహ: వేళ్లు ఎంత వేగంగా ఆడితే అంత గొప్ప విద్వాంసులు.

వాస్తవం: వేగం సాధనతో చాలామందికి వస్తుంది, సమానత్వమే అంత తేలిగ్గా రాదు. పిపా అనే ఈ చైనా తీగల వాద్యంలో మీటిన తీగ నాదం చప్పున ఆరిపోతుంది. దీర్ఘస్వరం కావాలంటే కుడిచేతి ఐదు వేళ్లతో ఒకే తీగను వరసగా మీటుతూ ఉండాలి. దీన్ని లున్‌జి అంటారు. సాధారణంగా చూపుడువేలితో మొదలై చిటికెనవేలి దాకా నాలుగు వేళ్లూ తీగను బయటికి తోస్తాయి, ఆఖరున బొటనవేలు ఎదురు దిశలో మీటుతుంది. తేడా వచ్చేది ఇక్కడే. బొటనవేలు బరువుగా, చిటికెనవేలు నీరసంగా పడితే ఐదు మీట్లకోసారి నాదం కుంటుతుంది. గింజలు గింజలుగా వినిపించడం తప్పు కాదు, గింజ పరిమాణం మారడమే తప్పు. అంతకన్నా కష్టమైన పని, వేగం మారకుండా నాదాన్ని సన్నగా ఎత్తుకుని పెంచి మళ్లీ తగ్గించడం. కళ్లు మూసుకుని వింటే ఇది బాగా తెలుస్తుంది.

అపోహ: మెట్లు ఉన్నాయి కాబట్టి గమకం ఉండదు.

వాస్తవం: ఎడమచేత్తో తీగను మెట్టు మీద పక్కకు లాగుతారు, వీణలో లాగే. లాగితే స్వరం పైకి పోతుందే గాని కిందికి రాదు. అందుకే పై స్వరం నుంచి కిందికి జారాలంటే ముందే లాగి పట్టి, మీటి, ఆపైన వదలాలి. మీటేదాకా చెవికి ఆధారం ఉండదు, వేలికి తెలిసే బిగువే దిక్కు. అపశ్రుతి ఎక్కువగా దొర్లేది ఇక్కడే. అలాగని ప్రతి స్వరానికీ గమకం వెతక్కండి. ఏ స్వరాన్ని కదపకుండా వదిలారన్నదీ వాయించేవారి అభిరుచే.

అపోహ: గరగర చప్పుడు వచ్చిందంటే తప్పు వాయించినట్టే.

వాస్తవం: చైనాలో క్రీ.పూ. 202 నాటి గైషియా యుద్ధాన్ని చెప్పే 'షిమియాన్ మైఫు' అనే పిపా కృతిలో రెండు తీగలను మెలివేసి నొక్కి మీటుతారు. ఆ లోహపు మోత ఆయుధాల తాకిడి కోసమే. నిజమైన దోషాన్ని పట్టుకోవడం సులువే: ఒకే మెట్టు దగ్గర, నెమ్మది చరణంలో కూడా తీగ జిరజిరమంటే అది వాద్యం అమరికలో లోపం. అదే యుద్ధాన్ని అందులో ఓడిన సేనాని షియాంగ్ యు వైపు నుంచి చెప్పే మరో కృతి 'బావాంగ్ షియేజియా'నూ వెంటనే వినండి. మా దృష్టిలో ప్రతిభకు అదే గట్టి పరీక్ష, ఎందుకంటే అక్కడ హోరు చాటున దాక్కోవడం కుదరదు.

అపోహ: పిపాను పలకతో, అంటే చేత్తో పట్టుకునే మీటుడు బిళ్లతో, మీటుతారు.

వాస్తవం: చైనాను తాంగ్ రాజవంశం ఏలిన కాలంలో వాద్యాన్ని ఎక్కువగా అడ్డంగా పట్టుకుని పలకతో మీటేవారు. ఇప్పుడు నిలువుగా ఒళ్లో పెట్టుకుని వేళ్లతో మీటుతారు. 20వ శతాబ్దంలో పట్టు తీగల స్థానంలో ఉక్కు తీగలు వచ్చాయి. వాటి మీద సొంత గోళ్లు నిలవవు కాబట్టి ఐదు వేళ్లకూ కృత్రిమ గోళ్లను టేపుతో చుడతారు. వీడియోలో ఆ టేపు చూసి వేళ్లు తెగాయేమో అనుకోకండి.